తర్వాత గుర్తు చెయ్యి

కొట్టు వెనక గది,
ఎండలు ముదురుతున్న రోజులు

చిరంజీవి బావమరిదికి,

నీకు అర్హత లేకపోయినా ఆశీస్సులు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని బుర్ర గోక్కోకు. పోయినసారి కంప్యూటరు గురించి మనం ఫోనులో అరుచుకున్న అరుపులకి మేడ మీదివాళ్ళు కిందికి దిగొచ్చారు. దాంతో మీ అక్క తీర్పు చెప్పేసింది. "ఇకమీదట ఆ దిక్కుమాలిన కంప్యూటరు గురించి ఏమన్నా ఉంటే కాగితం మీద రాసుకోండి. రాసేటప్పుడైనా మనిషి కాస్త ఆలోచిస్తాడు" అంది. ఏళ్ళ తరబడి బడిలో పిల్లల్ని హడలగొడుతున్న టీచరమ్మ. ఎదురు చెప్పే దమ్ము నీకుందా? నాకూ లేదు.

అసలు సంగతికొస్తాను. పొద్దున్నే కొట్టు తెరిచి కంప్యూటరు వెయ్యగానే తెర మధ్యలో ఓ పెట్టె ఊడిపడుతుంది. నా సిస్టమ్‌కి కాలం చెల్లిందట. కింద రెండు బొత్తాలు. ఎడమది 'ఇప్పుడే మార్చు', కుడిది 'తర్వాత గుర్తు చెయ్యి'. నేను కుడిది నొక్కి టీ తాగుతాను. మర్నాడు అది మళ్ళీ వస్తుంది, నేను మళ్ళీ టీ తాగుతాను. మా ఇద్దరికీ ఏ గొడవా లేదు. మధ్యలో నువ్వే మీ అక్క చెవిలో వైరస్సులని, దొంగలని ఊదావు. రబ్బరు ముద్రలూ నేమ్‌ప్లేట్లూ చేసుకునేవాడి కంప్యూటర్లో దూరి దొంగ ఏం ఎత్తుకుపోతాడ్రా? రబ్బరు కాలిన వాసనా?

నువ్వు పెద్ద ఆఫీసులో కంప్యూటర్ల వైద్యుడివి. "బావగారి కంప్యూటరు నిక్షేపంలా ఉంది, ముట్టుకోకండి" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపు. మీ అక్కకి చూపించి గండం గట్టెక్కుతాను. ముద్ర కావాలంటే నేనే వేసుకుంటాను.

ఆ ముక్కేదో కాస్త పెద్దగా రాయి. చీమలు పాకినట్టుంటుంది నీ రాత. నా అక్షరాలు నేమ్‌ప్లేటంత ఉన్నాయని మాత్రం ఇకిలించకు. చేసే పనిని బట్టి చెయ్యి.

నీ శ్రేయోభిలాషి (మీ అక్క రాయమంది),
బావ

*

ఆఫీసు, నేలమాళిగలో మా గది,
ఆ పక్క వారం

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీకే, మీ వాదనకి కాదు.

దొంగ సర్టిఫికెట్ ఇవ్వను. ఇక్కడ ఆఫీసంతటికీ కొత్త సిస్టమ్ వేస్తున్నది నేనే. రోజుకో అంతస్తు. నిన్న జమాఖర్చుల విభాగంలో ఒకాయన, తెర మీది తన మనవరాలి ఫోటో పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పోలేదండీ, తెర మీద తెరిచిన ప్రోగ్రాము కిటికీ వెనక ఉందని తీసి చూపించాను. మేనేజరైతే తన కుర్చీ కూడా మారుస్తామేమోనని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. వీళ్ళందరినీ బతిమాలి, బుజ్జగించి, బెదిరించి దారికి తెచ్చాను. సొంత బావని మాత్రం తేలేకపోతున్నాను. పరువు పోతోంది.

ముద్రలు చెక్కే మీ లేజరు మిషను కొత్త సిస్టమ్‌తో నడవదని ఫోనులో మీరన్నది ఒక సాకు, తెలుసు. ఆ సాకూ ఇక చెల్లదు. దాన్ని నడిపే ప్రోగ్రాముకి కొత్త వెర్షన్ వచ్చింది. కనుక్కున్నాను. ఒక్క మధ్యాహ్నం నాకు వదిలేస్తే పని అయిపోతుంది.

అన్నట్టు మొన్న ఆదివారం అటు పనిమీద వచ్చి కొట్టులోకి తొంగిచూశాను. మీరు సరుకు ఇవ్వడానికి వెళ్ళారట, అక్క కూర్చుని ఉంది. మీ తెర మీద ఐకాన్లు పెళ్లివారింట్లో చెప్పుల్లా ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. చూడలేక అన్నీ అక్షరక్రమంలో సర్ది వచ్చాను. సిస్టమ్ జోలికి మాత్రం వెళ్ళలేదు, ఒట్టు. థాంక్స్ చెప్పకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ బావమరిది

*

కొట్టు ముందు గది, తలుపులు మూసి,
తొలి వాన పడ్డ వారం

ఒరేయ్,

ఆశీస్సులు కట్.

కొంప ముంచావు కదరా! నిన్నెవడు సర్దమన్నాడు?

నా తెర మీద 'ముద్ర' అనేది కింద ఎడమ మూల ఉంటుంది. 'పలక' అనేది పైన ఉంటుంది. ముద్ర నొక్కితే అక్షరాలు తిరగేసి చెక్కుతుంది, కాగితం మీద వేస్తే సరిగ్గా పడతాయి. పలక నేమ్‌ప్లేట్లకి, ఉన్నది ఉన్నట్టు చెక్కుతుంది. ఎప్పట్లాగే మూల నొక్కాను. నువ్వు సర్దిన పుణ్యాన అక్కడ పలక కూర్చుంది. పాపం కంటి డాక్టరుగారి ముద్రలన్నీ తిన్నగా చెక్కేసింది. ఏళ్ళ తరబడి చేసే పనే కదా, మళ్ళీ చూసేదేముందని ప్యాక్ చేసి పంపించేశాను.

కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు. కాగితం మీద ముద్ర వేసి, నా కొట్లో అద్దం ముందు పట్టుకున్నాడు. అద్దంలో చూస్తే తప్ప డాక్టరు పేరు చదవడానికి రావడం లేదు. రోగులు చీటీ పట్టుకుని మందుల షాపులో అద్దం అడుగుతున్నారట. ఆ డాక్టరు ఏమన్నాడో తెలుసా? "ఈ ముద్ర చెక్కినాయన్ని ఒకసారి నా దగ్గరికి పంపండి" అన్నాట్ట. ఎంత పొగరు! అన్నీ మళ్ళీ చెక్కిచ్చాను, ఊరికే. నోరెత్తితే ఒట్టు.

ఐకాన్లు సర్దితేనే ఇంత జరిగింది. సిస్టమ్ మారిస్తే మిషను లేచొచ్చి నా పీక కోస్తుంది. మార్చను. ఇదే నా ఆఖరి మాట. నీ ఉత్తరం మీ అక్కే చదివి వినిపించింది, నీ చీమల రాత చదివే ఓపిక నాకు లేక. మధ్యలో మూడుసార్లు ఆగి నవ్వింది. ఆ పాపం కూడా నీదే.

బావ

తమ్ముడూ, కింద కాస్త చోటుంది కనక నేనూ ఓ ముక్క రాస్తున్నాను. బావగారి కోపం పట్టించుకోకు. ఈ మధ్య మనిషి బాగా మారారు. రోజూ పొద్దున్నే పేపరు నాచేత చదివించుకుంటున్నారు. ఎందుకండీ అంటే, నీ గొంతు బాగుంటుంది, వార్తకే అందం వస్తుంది అంటారు. నా గొంతు! పక్క వీధి కుక్కలు కూడా జడుసుకునే గొంతు! ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట వినడం ఇదే మొదలు. నవ్వొస్తుంది కానీ, నిజం చెప్పొద్దూ, పొద్దున్నే లేచి ముందు గొంతు సవరించుకుంటున్నాను. – అక్క

*

ఆఫీసు, నేలమాళిగ,
వాన, గొడుగు బస్సులో మర్చిపోయిన రోజు

బావగారికి,

ఈ ఉత్తరం ఇంటికి కాదు, కొట్టు చిరునామాకి పంపుతున్నాను. అక్కకి చూపించకండి. మీరే చదవండి. అందుకే లావు మార్కరుతో రాస్తున్నాను. పేజీకి నాలుగు లైన్లే పడుతున్నాయి, కవరు పగిలేలా ఉంది. పోస్టాఫీసులో ఆవిడ ఇందులో బట్టలున్నాయా అని అడిగింది.

ఐకాన్లు కదిపింది నేనే. తప్పు నాదే. ఒప్పుకున్నాను. కానీ బావగారూ, ఆఫీసులో రోజంతా నా పని ఇదే. ఎవరేం నొక్కారు, ఎందుకు నొక్కారు. ప్రతి ఐకాను కింద దాని పేరు ఉంటుంది. 'ముద్ర' అని ముద్రకింద, 'పలక' అని పలకకింద. మీరు మూల చూసి నొక్కారు కానీ పేరు చూసి నొక్కలేదు. చెక్కిన ముద్రలు చూడకుండా పంపారు. మీ ఉత్తరంలో లైన్లు కొండెక్కుతున్నట్టు పైకి పోతున్నాయి. అక్షరాలు నెలనెలా లావెక్కుతున్నాయి. పేపరు అక్క చదువుతోంది. నా ఉత్తరం అక్క చదువుతోంది.

మీకు కళ్ళు కనపడటం లేదు కదా?

ఇందులో వేళాకోళం ఏమీ లేదు. ఆ మిషను లేజరుతో పనిచేస్తుంది, మీ చెయ్యి దాని పక్కనే ఉంటుంది. డాక్టరుది పొగరు కాదు, ఆయన సరిగ్గానే పిలిచాడు. వెళ్ళండి. వానలు తగ్గేలోపు వెళ్ళకపోతే అక్కకి నేనే చెబుతాను. చాడీలు చెప్పడంలో నా అనుభవం మీకు తెలుసు.

మీ బావమరిది

*

కొట్టు,
వాన తగ్గలేదు

ఒరేయ్ తెలివైనవాడా,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నా కళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి.

పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఎక్కడ రాశానో కనపడటం లేదు. ఉండనీ.

దొరికిపోయానులే. అంతా పొగమంచు కమ్మినట్టుంటోంది. మొదట అద్దాలు తుడుచుకున్నాను. తర్వాత కొట్టు అద్దాలు తుడిచాను. ఆ తర్వాత తెర తుడిచాను. మూడూ అయ్యాక మిగిలింది కళ్ళేనని తెలిసింది. తెర మీద ఏది ఎక్కడుందో మనసులో ఉంది కనక నెట్టుకొస్తున్నాను. పెట్టె వస్తే కుడి బొత్తం. ముద్ర కావాలంటే కింద మూల. కొత్త సిస్టమ్ వేస్తే ఏది ఎక్కడుంటుందో ఎవడికి తెలుసు? ఆ రోజే కొట్టు మూసుకోవాలి. నీమీద అరిచింది అందుకే. కంప్యూటరు మీద ప్రేమతో కాదు.

నువ్వు రాశాక, గుట్టుచప్పుడు కాకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు పండాయట. ముందు ఒకటి తీసి కొత్త లెన్స్ పెడతాడట, తర్వాత రెండోది. "మంచి రోజు చూసుకుని రండి, చిన్న పని" అన్నాడు. చిన్న పనిట! ఆయన కన్నయితే తెలిసేది. తీశాక కొత్తది పట్టకపోతే? ఇప్పుడు పొగమంచైనా కనిపిస్తోంది, అదీ పోతే? తర్వాత వస్తానని చెప్పి వచ్చేశాను. ఆయన ముందు కూడా కుడి బొత్తమే నొక్కాను.

ఇంకో సంగతుంది. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. పేపరు చదవమన్నది కనపడకే. గొంతు బాగుందన్నది ఆ క్షణంలో నోటికొచ్చిన అబద్ధం. మీ అక్క నమ్మింది. నమ్మడమేమిటి, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని మరీ చదువుతోంది. కళ్ళ సంగతి చెబితే ఈ సంగతీ తెలిసిపోతుంది. కళ్ళు పోయినా బతుకుతానేమో కానీ, ఆవిడ మొహం ఎలా చూడను?

ఎలాగూ కనపడదనుకో.

బావ

*

నా ఇల్లు, వంటగది బల్ల,
వానలు వెనకబడుతున్న రోజు

బావగారికి,

మళ్ళీ మార్కరు. ఇంట్లో మార్కర్లన్నీ ఎండిపోతున్నాయి.

మీరొక నిజం చెప్పారు కనక నేనూ ఒకటి చెబుతాను. బయటికి పొక్కిందో, నా ఉద్యోగం నవ్వులపాలవుతుంది. ఆఫీసంతటికీ కొత్త సిస్టమ్ వేసిన ఈ మహానుభావుడి సొంత ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ పాతదే ఉంది. నాకూ రోజూ పెట్టె వస్తుంది. నేనూ కుడి బొత్తమే. అందులో పాత పేకాట ఒకటుంది, ఏళ్ళుగా ఓడిపోకుండా ఆడుతున్నాను. కొత్తది వేస్తే ఆ ఆట రాదు. నా విజయాలన్నీ గంగలో కలుస్తాయి. నవ్వండి. మా ఆవిడ ఇప్పటికే చాలినంత నవ్వింది.

అందుకని ఒక ఒప్పందం. ఒకే రోజున మీరు కన్ను, నేను ల్యాప్‌టాప్. మీకేమన్నా అయితే నాకూ అవుతుంది. నష్టం ఇద్దరికీ సమానం కాదని తెలుసు, అయినా నా పేకాట నాకు కన్నుతో సమానమే.

ఈలోగా ఆదివారం వచ్చి మీ ఐకాన్లు ఎక్కడివక్కడ పెడతాను. ముద్ర కింద మూల, పలక పైన, పెళ్లివారి చెప్పులన్నీ యథాస్థానం. మీరు పక్కన కూర్చుని చూపించండి. సిస్టమ్ మాట ఎత్తను.

అక్కకి మాత్రం మీరే చెప్పాలి. అది నేను చెయ్యగలిగిన పని కాదు.

మీ బావమరిది

*

ఇల్లు, కిటికీ పక్క మంచం,
చలి మొదలు

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

కంటికి కట్టు ఉంది కనక నేను చెబుతుంటే మీ అక్క రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒప్పుకుంది. (ఒప్పుకోలేదు.)

పని అయిపోయింది. నేను ఏమాత్రం భయపడలేదు. (నర్సు చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆవిడ వేళ్ళు ఎర్రబడ్డాయి.) నేను కళ్ళు మూసుకునేలోపే అయిపోయినట్టుంది. చీటీ మీద డాక్టరు నేను చెక్కిన ముద్రే వేశాడు. ఈసారి తిన్నగా పడిందని అందరికీ చూపించాడు. మంచివాడే. కాస్త నోటి దురద ఎక్కువ.

మీ అక్కకి ముందురోజు చెప్పేశాను. కళ్ళ సంగతి వినగానే ఏడ్చింది. (ఏడవలేదు. తిట్టాను. ఇంతకాలం దాచినందుకు నా నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఏడ్చింది తర్వాత.) ఇప్పుడు బాగానే ఉంది.

(బాగానేం లేను, తమ్ముడూ. గొంతు బాగుందని ఎందుకన్నారో నాకూ తెలిసిపోయింది కదా. కళ్ళ సంగతి దాచారంటే భయపడ్డారని సరిపెట్టుకున్నాను. కానీ రోజూ పొద్దున్న నేను గొంతు సవరించుకుంటుంటే ఎదురుగా కూర్చుని ఊరుకున్నారు చూడు, దానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటినుంచి పేపరు మడత విప్పలేదు. రేడియో పెట్టిస్తున్నాను. వినమను.)

ఏం రాస్తున్నావ్ అంతసేపు?

(ఏమీ లేదు, పూర్తయిందని చెప్పాను.)

బావ, అక్క చేతుల మీదుగా

*

నా ఇల్లు,
సంతాప దినాలు

బావగారికీ అక్కకీ,

చెప్పిన మాట ప్రకారం అదే రోజు ల్యాప్‌టాప్ మార్చాను. బాగానే ఉంది. చాలా బాగుంది. అదే కడుపుమంట. పేకాట పోయింది. కొత్త పేకాట పెట్టుకుని మొదటి ఆటే ఓడిపోయాను. మా ఆవిడ స్వీట్లు పంచింది.

అక్కా, బ్రాకెట్లలో నువ్వు రాసినవన్నీ చదివాను. మీ ఇద్దరి మధ్యకి నేను రాను. ఐకాన్లు సర్దినందుకే చాలినంత అనుభవించాను.

తమ్ముడు

*

కొట్టు వెనక గది,
ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. ఈసారి నిజంగానే.

అక్షరాలు చిన్నవయ్యాయి, చూసుకో. లైన్లు తిన్నగా ఉన్నాయి. రెండో కన్ను వచ్చే నెల. కట్టు విప్పాక కొత్త కంటికి అద్దాలు కూడా ఇచ్చారు. ఆ పూటంతా నేను కనిపెట్టినవి రాస్తే పుస్తకమవుతుంది. కొట్టు బోర్డు వెలిసి ఆకుపచ్చ అయిందనుకుంటున్నాను ఇన్నాళ్ళూ, నీలమే! మూలల్లో దుమ్ము చూసి సిగ్గేసింది. నీ పెళ్ళిలో తీసిన మన ఫోటోలో నీ జుట్టు చూశాను. అప్పుడే పల్చబడటం మొదలైందిరా, ఎవరూ చెప్పలేదా?

ఇక అసలు బాంబు. పొద్దున్న కంప్యూటరు వేశాను. పెట్టె వచ్చింది. ఇన్ని నెలల్లో దాన్ని మొదటిసారి చదివాను. పైన పెద్దక్షరాలు మామూలే. కింద చిన్నక్షరాల్లో ఏముందో తెలుసా? 'ఈ కంప్యూటరు కొత్త సిస్టమ్‌కి సరిపోదు.' ఎడమ బొత్తం మీద 'ఇప్పుడే మార్చు' అని లేదు, అది నేను ఊహించుకున్నది. 'కొత్త కంప్యూటర్లు చూడండి' అని ఉంది! నువ్వు మారుస్తానన్నది, నేను మార్చనన్నది, మేడ మీదివాళ్ళు దిగొచ్చింది, అంతా మార్చడానికే వీల్లేని దాని గురించి! ఆఫీసంతటినీ ఉద్ధరించినవాడివి, నా కంప్యూటరు పనికొస్తుందో లేదో ఒక్కసారి చూశావురా? కంటి డాక్టరు నయం. ముందు కంట్లోకి లైటు వేసి చూశాకే మాట్లాడాడు.

సరే, కొత్తది కొంటాను. ఆదివారం వచ్చి నువ్వే ఎంచు. పాతది మూల మిషనుకే ఉంచుతాను, నెట్టు వైరు పీకేసి. కొత్తదాని మీద ఐకాన్లు నీ ఇష్టం వచ్చినట్టు సర్దుకో. పేర్లు చదువుకుంటాను.

ఇక మీ అక్క సంగతి. కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే పేపరు నేనే తీసి విప్పాను. ప్రతి అక్షరమూ సూదితో గుచ్చినట్టు కనిపించింది. మీ అక్క గదికి అవతలి మూల కూర్చుని పిల్లల జవాబు పత్రాలు దిద్దుతోంది, నాకేసి చూడకుండా. నేను మొదటి పేజీ చదివాను. రెండో పేజీ చదివాను. ఒరేయ్, ఏమీ బాగాలేదురా. అక్షరాలన్నీ ఉన్నాయి, వార్తే లేదు.

పేపరు మడిచి తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను. "ఇప్పుడు కనపడుతోందిగా, మీరే చదువుకోండి" అంది, ఎర్ర పెన్ను ఆపకుండా. అప్పుడు చెప్పాను. "మొదటిరోజు అబద్ధమే చెప్పాను. రెండో వారానికల్లా అది అబద్ధం కాకుండా పోయింది. నువ్వు చదువుతావని తెల్లారకముందే మెలకువ వచ్చేది నాకు. ఆపరేషను చేయించుకోవడానికి భయమేసిందని మీ తమ్ముడికి రాశాను. ఒక భయం రాయలేదు. కళ్ళు వచ్చేస్తే నువ్వు చదవడం మానేస్తావని."

ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. తర్వాత, "అయితే అటు తిరిగి కూర్చోండి. అలా మొహంలోకి చూస్తుంటే నాకు చదవడం రాదు" అంది.

నేను తిరగలేదు. ఇన్ని నెలలూ విన్నానే కానీ చూడలేదు కదరా. చదివేటప్పుడు ఆవిడ కనుబొమలు ఎలా పైకి లేస్తాయో నాకు ఇప్పటిదాకా తెలియదు.

బావ

తమ్ముడూ, రాసి పోస్టు చెయ్యమని ఇస్తే విప్పి చదివాను, తప్పే. వాతావరణం వార్త రెండుసార్లు చదివించుకున్నారు. రెండుసార్లూ ఎండే. – అక్క